ముందు దిగినవాడు

జులై 14, ఆదివారం

నా పేరు పాపాయి. వయసు డెబ్బై దాటింది, ఆధార్‌లో తక్కువ వేశారు. ధవళేశ్వరం దిగువన కాలవగట్టు మీద ఉంటాను. ఇంట్లో నేనూ, మా కోడలు సత్యకుమారీ. కొడుకు బుజ్జిబాబు పోయాడు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది.

మా పాస్టర్ అయ్యగారు వేసవిలో చనిపోయారు. మందిరానికి కొత్త సేవకుణ్ణి పెట్టాలి, పాస్టర్‌ని మేం అలాగే అంటాం. సంఘపెద్ద సుధాకర్, అయ్యగారి మేనల్లుడు సురేష్‌బాబును పెడదామంటున్నాడు. ఇవాళ ఆరాధన అయ్యాక నేను లేచి, యెహెజ్కేలును పెట్టండి అన్నాను. నవ్వారు. నోటిమాట మినిట్స్ పుస్తకంలో ఎక్కదు మామ్మా, ఏదున్నా రాసియ్యి అన్నాడు సుధాకర్. నేను వేలిముద్ర మనిషినని తెలిసే అన్నాడు.

రాయిస్తాను.

జులై 16, మంగళవారం

యెహెజ్కేలు ఎవరో రాయి అన్నాను. అందరికీ తెలిసిందేగా అత్తయ్యా అంది. తెలిస్తే నవ్వుతారా, రాయి అన్నాను.

మందిరం ఊడ్చేది అతను. చాపలు పరిచేది అతను. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆటోలో రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, మంచం పక్కన కూర్చునేది అతను. పోతే గొయ్యి తీసేదీ అతనే. మా సమాధుల తోట కాలవకు పల్లంలో ఉంది. వానాకాలం కాస్త తవ్వితే చాలు, నీళ్ళు ఊరతాయి.

మా బుజ్జిబాబు పోయింది వానల్లోనే. గోతినిండా నీళ్ళు. పెట్టె తేలిపోతుందేమోనని గుసగుసలు. యెహెజ్కేలు గోతిలో నిలబడి పెయింట్ డబ్బాతో తోడుతూనే ఉన్నాడు. పెట్టె దిగేదాకా పైకి రాలేదు. ఆ రోజు అయ్యగారు బైబిల్ వాక్యం ఏం చెప్పారో నాకు గుర్తులేదు. ఆ డబ్బా చప్పుడు గుర్తుంది.

సత్యకుమారి ఇక్కడ పెన్ను కింద పెట్టేసింది. దాని మొగుడు కదా.

జులై 17

ఒళ్ళు నొప్పులు. ఏమీ చెప్పలేదు.

జులై 19, శుక్రవారం

సుధాకర్ ఇంటికొచ్చాడు. సురేష్‌బాబు బైబిల్ కాలేజీలో చదివాడట, కీబోర్డు వాయిస్తాడట, యూట్యూబ్‌లో వస్తాడట. గోతులు తవ్వే చేత్తో ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిస్తే ఎవరు తీసుకుంటారు మామ్మా అన్నాడు. నేను తీసుకుంటాను అన్నాను. నీ సేవకుడు ఎవరికి సేవ చేశాడో ఒక్క పేరు చెప్పరా అన్నాను. సేవకుడంటే పోస్టు పేరు మామ్మా, పని పేరు కాదు అన్నాడు. ఈ మాట ఇలాగే రాయవే అన్నాను. రాయకమ్మా అని వాడు. రాసేసింది.

సాయంత్రం యెహెజ్కేలు వచ్చాడు. నా పేరు తీసెయ్యండి మామ్మగారూ, మైకు చూస్తే నాకు దడండి అన్నాడు. నీకోసం కాదురా, నోర్మూసుకో అన్నాను. టీ తాగి, గ్లాసు కడిగి వెళ్ళాడు.

జులై 27, శనివారం

గోదారి పెరిగింది. సుధాకర్ తల్లి పోయింది. నా ఈడుది. ఇద్దరం కలిసి నాట్లేశాం. ఇవాళ పూడ్చారు.

సురేష్‌బాబు ఫోన్‌లో చూసి వాక్యం చదివాడు. బాగానే చదివాడు, అబద్ధం చెప్పను. గోతిలో నడుంలోతు నీళ్ళు. యెహెజ్కేలు తోడుతున్నాడు, అవి ఊరుతున్నాయి. పెట్టె దించబోతే సుధాకర్ తాడు వదల్లేదు. అంత మీసాలవాడూ చంటిపిల్లాడిలా, వద్దండీ, లోపల చలండీ, మా అమ్మకి చలండీ అని ఏడ్చాడు. సురేష్‌బాబు ఫోన్‌లో ఏదో వెతుకుతున్నాడు.

గోతిలోంచే యెహెజ్కేలు సుధాకర్ చెయ్యి పట్టుకున్నాడు. ముందు నేను దిగాను కదండీ, చూశాను కదండీ, ఏం భయం లేదండీ, అమ్మని నాకివ్వండి అన్నాడు.

సుధాకర్ తాడు వదిలాడు.

సురేష్‌బాబు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ప్యాంటు పైకి మడిచి, ఇంకో డబ్బా ఉందా అని అడిగాడు.

ఆగస్టు 4, ఆదివారం

నా కాగితాలు చదవక్కర్లేకపోయింది. సుధాకరే లేచి యెహెజ్కేలు పేరు చెప్పాడు. సురేష్‌బాబుతో సహా అందరూ చెయ్యెత్తారు. భుజం నొప్పితో నేనే ఎత్తలేకపోయాను.

ఆగస్టు 9, శుక్రవారం

గెలిచాను. నిద్ర లేదు.

సుధాకర్ యెహెజ్కేలుకు తెల్లబట్టలు కుట్టించాడు. ఇక అయ్యగారు గోతిలో దిగకూడదట, సంఘానికి పరువు తక్కువట. జేసీబీ మాట్లాడతారట. యెహెజ్కేలు తల వంచుకుని ఊఁ అన్నాడట.

మరి నా గోతిలో ముందు ఎవరు దిగుతారు? చూశానండీ, భయం లేదండీ అని జేసీబీ చెబుతుందా?

సత్యకుమారి నవ్వింది. తర్వాత నవ్వలేదు.

ఆగస్టు 11, ఆదివారం

పాపాయి అనే నేను చెప్పి రాయించింది. నేను పోయేది వానల్లోనే. నా గోతిలో నీళ్ళు యెహెజ్కేలు అయ్యగారే తోడాలి. తెల్లబట్టలు విప్పి గట్టు మీద పెట్టుకోవచ్చు.

ఇది నా వేలిముద్ర.

సాక్షులు:
సుధాకర్, సంఘపెద్ద
సురేష్‌బాబు, రెండో డబ్బా నాది
యెహెజ్కేలు, సేవకుడు