యాదగిరి అన్న కంప్యూటర్ మాట్లాడలేదు

శనివారం, రాత్రి

పొద్దున యాదగిరి అన్న ఉప్పల్ నుంచి ఫోన్ చేశాడు. "చెల్లె, నా కంప్యూటర్ మాట్లాడుతలేదు. జర వచ్చి సూస్తవా?" చూపు లేని ఆయనకు తెర మీది అక్షరాలు చదివి వినిపించే ప్రోగ్రామే ఆధారం. నాచారం నుంచి ఆటోలో పరుగెత్తాను. అన్న వెలుగుతున్న తెర ముందు కూర్చుని ఊరికే మీటలు నొక్కుతున్నాడు.

మేమిద్దరం వాడే రకం లైనక్స్‌లో ప్రతి ప్రోగ్రామూ మనుషులు రాసిన సోర్స్ కోడ్ నుంచి మన కంప్యూటర్లోనే తయారవుతుంది. తెర చదివే ఈ ప్రోగ్రామ్‌కి ఏ లైబ్రరీలు, అంటే తోడుగా ఉండాల్సిన కోడ్ ముక్కలు, కావాలో అందరి కోసం రాసిపెట్టింది నేనే. నిన్న అన్న అక్కర్లేనివి తీసెయ్యమని కమాండ్ ఇచ్చాడట. గొంతు పలికించే లైబ్రరీ కూడా పోయింది. నా ఫైలు తెరిచి చూసి కొయ్యబారిపోయాను. ఆ లైబ్రరీ తయారీకి మాత్రమే కావాలని రాశాను, నడిచేటప్పుడూ కావాలని రాయలేదు. అందుకే తయారీ అయిపోయాక కంప్యూటర్ దాన్ని అక్కర్లేనివాటిలో లెక్కేసింది. నా దగ్గర వేరే ప్రోగ్రామ్ కోసం అది ఎప్పుడూ ఉంటుంది, అందుకే నా తప్పు ఇన్నాళ్లూ బయటపడలేదు.

ఒక్క వరుస చేర్చి మళ్లీ తయారుచేశాను. గొంతు వచ్చింది. తిడతాడనుకున్నాను.

"నాకైతే నువ్వున్నవ్, ఉరికొచ్చినవ్. గిది వాడెటోళ్లు ఇంకెంతమంది ఉన్నరు చెల్లె?"

సవరణ పంపాను, అప్‌డేట్ చేసుకోమని ప్రకటన కూడా పెట్టాను. కానీ మూగబోయిన కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకు ఆ ప్రకటన చదివి వినిపించేదెవరు?