మూత తీసిన జాడీ

వసుధా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆఖరిసారి నువ్వు చేత్తో పిసికి జాడీలో పెట్టిన ద్రాక్ష వైన్ సంగతి చెప్పాలి.

"ఈస్ట్ చక్కెరంతా తిని చచ్చిపోతుంది. అది వదిలిపెట్టినవి తిని లాక్టిక్ బాక్టీరియా నిదానంగా పులుపు తగ్గిస్తుంది. ఏడాది దాకా మూత తీయకు" అన్నావు.

ఈ ఉదయం మీ గుడివాడ కాలేజీ ల్యాబ్‌లో నీతో పనిచేసిన రమణి బందరు వచ్చింది. చెంచాతో తీసి నాలిక మీద వేసుకుని మొహం చిట్లించింది.

"వెనిగర్ అయిపోయింది బావగారూ. మూత ఎన్నిసార్లు తీశారు?"

"రోజూ. లోపల పని జరుగుతోందో లేదో వాసన చూసి మళ్ళీ బిగించేవాణ్ణి."

"రోజూనా? ఇదేమన్నా వార్తాండీ, నిజమో కాదో కనుక్కుని పేపర్లో వేసుకోడానికి?" అని నవ్వబోయి ఆగిపోయింది.

తీసినప్పుడల్లా గాలి వెళ్ళిందట. గాలి తగిలితే పెరిగే మరో బాక్టీరియా ఆల్కహాల్‌ని వెనిగర్ చేసేసిందట. ముప్ఫై ఏళ్ళు విలేకరిగా ప్రతిదీ స్వయంగా చూశాకే రాశాను. నువ్వు చెప్పిన ఈ ఒక్క మాటను కూడా చూడకుండా నమ్మలేకపోయాను.

"మీ తప్పేం లేదులెండి. పారబోసేయండి" అంది రమణి.

తప్పు నాదే. ఆమె వెళ్ళాక గ్లాసులో పోసుకున్నాను. గొంతు మండింది. నీ చేత్తో చేసినది ఇంట్లో ఇంకేదీ మిగల్లేదు కనుక గ్లాసంతా తాగాను.