దోనె కిటికీ

జూన్ 9, సోమవారం

తొలి వాన. ముందరి గది కిటికీ రెక్క ఉబ్బింది. మూయబోతే చౌకట్టుకు పట్టేసి, రెండు వేళ్ల సందు వదిలి ఆగిపోయింది. పక్క కార్ఖానా దూది ధూళి ఆ సందులోంచి రోజంతా గదిలోకి. శారద దగ్గు పొద్దున మొదలై దీపం వేళ దాకా ఆగలేదు. దీపం నేనే పెట్టాను.

వెంకటేశ్ దుకాణం నుంచి వస్తూనే తల్లిని చూశాడు, తర్వాత కిటికీని.

"బాపు, గా కట్టె కిటికీ పీకి పారేద్దాం. అవ్వ పానం కంటే ఎక్కువనా అది?"

రెక్క అంచును రందాతో కాస్త చెక్కిస్తే చాలు అనుకున్నాను.

జూన్ 11, బుధవారం

డాక్టర్ దగ్గరికి. శారద ఏళ్ల తరబడి నూలు కండెలు చుట్టిన మనిషి. ఆ నూలు ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందట. ఇక మీద తగలనివ్వొద్దు, ఈ వానాకాలం గడవడమే ముఖ్యం అని మరాఠీలో చెప్పాడు. బయటికి వచ్చాక శారద — "ఏమంటుండు?"

ఆమెకు మరాఠీ నాకంటే బాగా వచ్చు. "దుమ్ము తగలొద్దంట" అన్నాను. అంతవరకే.

జూన్ 13, శుక్రవారం

అల్యూమినియం కిటికీల మనిషిని వెంకటేశ్ తీసుకొచ్చాడు. టేపు పెట్టి కొలిచాడు.

"కాకా, కట్టెకు ఏటా ఖర్చే. దీనికి ఒక్కసారే. రబ్బరు పట్టీ ఏస్తే చీమ గూడ దూరది." చౌకట్టు కుడి పక్క చెయ్యి వేసి తడిమాడు. "గిదేంది, నడుమ అరిగిపోయింది? గీ గాడి ఏంది పొడుగూత?"

చెప్పలేదు. వాడికెందుకు.

అది దోనె. నాయిన గుంత మగ్గం మీద, నేసిన బట్ట చుట్టుకునే దూలం. ఇంట్లోకి పవర్‌లూమ్ వచ్చిన ఏడాది మగ్గం విప్పారు. మిగతా కట్టె ఎటో పోయింది. దోనెను మాత్రం మావాళ్లు కాల్చరు, అమ్మరు. ఇంట్లోనే ఎక్కడో ఒకచోట పనికి పెడతారు. నాయిన దాన్ని చౌకట్టు కుడి పక్కగా నిలువునా పెట్టించి కిటికీ చేయించాడు. గాడి — బట్ట మొదటి అంచును దూర్చి పుల్లతో బిగించే చోటు. నడుమ అరుగుడు — నేసేటప్పుడు ఆనిన నాయిన పొట్ట, అంతకు ముందు తాత పొట్ట.

జూన్ 14, శనివారం

లెక్క వేసి చూశాను. ఏటా వానలకు, మిరుగు కార్తెకు ముందు, కట్టెకు అవిసె నూనె. రెక్కను పట్టే బందులు ఒకసారి మార్చాం. ఒక రెక్క ఒకసారి. కిటికీ పెట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా అంతా కూడినా అల్యూమినియం ధరలో సగం రాదు. ఎండాకాలం గది చల్లగా ఉండడానికి ధర కట్టలేదు, అది వేరే.

ఆసుపత్రి తిరుగుళ్లలో రెండేళ్లుగా నూనె పట్టలేదు. అందుకే ఈ ఉబ్బు.

అన్నీ సరే. శారద దగ్గును ఏ వరుసలో రాయాలి?

జూన్ 16, సోమవారం

వడ్రంగి, వడ్ల నాగన్న వచ్చాడు. ఈ కిటికీ కూర్చింది వాళ్ల నాయినే. ఉలితో కింది నుంచి పైదాకా పొడుచుకుంటూ పోయాడు.

"అన్నా, కట్టె సావలే. కింద బెత్తెడు చివికింది. గంత కోసి కొత్త ముక్క అతుకుత. మిగిలింది నీ మనుమడు సూస్తడు."

"అల్యూమినియం పెడితే?"

"పెట్టు, ఎవ్వడొద్దన్నడు. రబ్బరు ఎండుతది, చక్రాలు అరుగుతయి. అప్పుడు బాగు చేసేటోడు దొరకడు. మొత్తం పీకి తుక్కు కింద భంగారోనికి ఏసుడే. నాకు పని లేక చెప్తున్న అనుకునేవు — నాకు పని మస్తున్నది."

నవ్వుతూనే గాడిలో వేలు పెట్టాడు. నవ్వు ఆగింది. లోపలి నుంచి ఏదో లాగాడు. పట్టీలాగా వచ్చింది, తెల్లగా, తడిగా. నా చేతిలో పెట్టి తన చెయ్యి ధోతికి తుడుచుకున్నాడు.

"నువ్వే సూడు. నేసేటోనివి."

వెలుతురులోకి తీసుకుపోయాను. కార్ఖానా దూది. గాడిలో పడి, తడికి ఒత్తుకుని పట్టీ అయింది. అంతే.

కానీ నేసిన బట్టకు ఉన్నట్టు అంచు ఉంది. రెండు వైపులా.

జూన్ 17, మంగళవారం

రెక్కకు రందా పట్టారు. కిటికీ ఇప్పుడు గట్టిగా పడుతోంది. గాడి శుభ్రం. సందు లేదు.

శారద ఇంతకు ముందెన్నడూ ఇంత దగ్గలేదు.

జూన్ 19, గురువారం

అన్నం వడ్డిస్తూ శారద అడిగింది — "గాడి ఎందుకు ఊడ్పిచ్చినవు?"

నాగన్న వచ్చినప్పుడు ఆమె వెనక వాకిట్లో ఉంది. నేను చెప్పలేదు. నాగన్న చెప్పడు.

"గా దోనె దూదిని తింటుండె. ఇప్పుడు తింటలేదు. నాకు పెడ్తున్నది."

"ఏం మాటలే అవి?"

"నీకు తెల్వది. నువ్వు కార్ఖానల ఉంటివి. నేను కొత్త కోడల్ని, గడప కాడ నిలబడి సూసిన. మగ్గం విప్పే రోజు మామ బట్ట మొత్తం కోసిండు."

ఆ సంగతి నాకు తెలియదు.

ఎంత తొందరున్నా దోనె మీద బెత్తెడు బట్ట వదిలే కోస్తారు. ఉత్త దోనె ఇంట్లో ఉండకూడదు. నాయిన ఎవరికి నేత నేర్పినా ముందు ఆ మాటే చెప్పేవాడు. ఆ రోజు సేటు మనిషి వాకిట్లో నిలబడి బట్ట కొలత తక్కువైందని గొడవ పెట్టుకున్నాడట. ఉక్రోషం వచ్చి నాయిన ఆ బెత్తెడు కూడా కోసి వాడి మీద వేశాడట. దోనె ఉత్తగా గోడలోకి పోయింది.

"పని అయిపోలేదనుకుంటున్నది అది" అంది శారద. ఇంకొంచెం పప్పు వేసింది.

జూన్ 25, బుధవారం. అమావాస్య

చేతి మగ్గాలకు ఉన్నట్టు పవర్‌లూములకు అమావాస్య సెలవు లేదు. కానీ పక్క కార్ఖానా పెద్దాయన పెట్టిన కట్టుబాటు ఇప్పటికీ నడుస్తోంది — అమావాస్యకు బందు. నెలకొక్క రోజు మన గల్లీలో మన మాట మనకు వినబడుతుంది.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. గాలి లేదు. తులసి ఆకు కదలడం లేదు.

కిర్ర్... అని ఒకసారి.

రెక్క చప్పుడు కాదు. బందుల చప్పుడూ కాదు. నేసిన బట్టను కాస్త చుట్టుకునేటప్పుడు దోనె తిరిగే చప్పుడు. నా చిన్నప్పుడు నిద్ర లేపిన చప్పుడు అదే. గోడలో, సున్నం కింద, మేకులు కొట్టి ఉన్న దూలం ఎలా తిరుగుతుంది?

శారద ముద్ద నోట్లో పెట్టుకుంటూ — "మామ చుట్టుకుంటుండు."

జూన్ 26, గురువారం

గాడిలో మళ్లీ దూది. నిన్న కార్ఖానా బందు.

జూన్ 29, ఆదివారం

వెంకటేశ్ అల్యూమినియం కిటికీకి అడ్వాన్సు ఇచ్చి వచ్చాడు. నన్ను అడగలేదు.

"రేపు అవ్వకు ఏమన్న అయితే గీ కట్టెను పట్టుకొని ఏడుస్తవా బాపు?"

వాడి గొంతులో కోపం లేదు. అందుకే "పెట్టియ్" అన్నాను.

శారద వాడికి చాయ్ పోసి వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. దోనె అరిగిన చోట రొమ్ము ఆనించి, కళ్లు మూసుకుని, నిదానంగా ఊపిరి తీసుకుంది. ఆమె రోజూ అలా నిలబడుతుందని ఇవాళే గమనించాను.

జూలై 2, బుధవారం

పాత కిటికీని తీసేశారు. రెక్కలు సులువుగా ఊడాయి. దోనె పక్కకు మాత్రం ఇద్దరు మనుషులు, గునపం. గోడ పెచ్చు దానితో పాటే ఊడింది. కట్టెలో పురుగు లేదు. చివికింది కింద బెత్తెడే — నాగన్న చెప్పినంతే.

భంగారోడు అడిగాడు. ఇవ్వలేదు. వసారాలో గోడకు ఆనించాను.

కొత్తది చప్పుడు లేకుండా మూసుకుంటుంది. కార్ఖానా మోత ఎక్కడో దూరంగా వినిపిస్తోంది, పక్క పేటలో ఉన్నట్టు.

జూలై 3, గురువారం

దగ్గు లేదు.

జూలై 4, శుక్రవారం

లేదు. వెంకటేశ్ జిలేబీ తెచ్చాడు. "సూసినవా బాపు" అన్నాడు. చూశాను.

జూలై 8, మంగళవారం

వాన తెరిపి ఇచ్చింది. మధ్యాహ్నం ఎండకు అల్యూమినియం పట్టీ చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. గది పెట్టెలా ఉంది. శారద అద్దం ముందు నిలబడి అటూ ఇటూ తడిమింది.

"దీనికి మనిషి ఆనడు" అంది.

జూలై 10, గురువారం

వసారాలో దోనె గాడి చూశాను. పొడిగా ఉంది. ఒక్క పోగు లేదు. వసారా కార్ఖానాకు గది కంటే దగ్గర.

జూలై 12, శనివారం

శారదకు ఆయాసం. నాలుగు అడుగులకు కూర్చుంటోంది. దగ్గు మాత్రం లేదు.

మళ్లీ డాక్టర్. దగ్గు లేదని సంతోషంగా చెప్పాడు వెంకటేశ్. డాక్టర్ సంతోషించలేదు. లోపల ఉన్నది దగ్గితేనే బయటికి రావాలి. రావడం లేదంటే లోపలే ఉండిపోతోంది అన్నాడు. మందు మార్చాడు. వారం చూద్దాం, తగ్గకపోతే చేర్చాలి అన్నాడు.

తిరిగి వస్తుంటే రిక్షాలో వెంకటేశ్ మందు చీటీ మళ్లీ మళ్లీ చదివాడు.

జూలై 14, సోమవారం

తెల్లవారుతుండగా శారద ఒకేసారి దగ్గింది. చాలాసేపు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు చివర ముడి వేసి పడుకుంది.

ఆమె స్నానానికి పోయినప్పుడు ముడి విప్పాను. తెల్లటి పట్టీ, తడిగా, రెండు వైపులా అంచుతో.

మళ్లీ వేశాను. నాకు నేసేవాడి కళ్లు లేకపోతే బాగుండేది.

జూలై 15, మంగళవారం

నాగన్న ఇంటికి పోయాను. కిటికీ తిరిగి పెట్టాలంటే ఏం ఖర్చవుతుందని మాత్రమే అడిగాను. కొత్త ముక్క, అతుకు, నూనె, రెండు రోజుల కూలి — లెక్క చెప్పాడు. పెద్ద ఖర్చేం కాదు. లేచి వస్తుంటే వెనక నుంచి —

"అన్నా, పెడితే ఉత్తగ పెట్టకు. మా నాయిన గప్పుడే అన్నడంట మీ నాయినతోని. ఇనలేదంట."

జూలై 16, బుధవారం

నాయిన నేసిన బట్ట ఎక్కడ దొరుకుతుంది? అంతా కోసి ఇచ్చేశాడు కదా.

శారద ట్రంకు తెరిచింది. అడుగు నుంచి ఎర్ర చీర తీసింది. "పెండ్లికి పెట్టింది. మామ నేసిందే. నీకు యాదిలేకపోయినా నాకున్నది." తనే కత్తెర పట్టి బెత్తెడు కోసింది.

వసారాలో దోనెను గుమ్మానికి ఆనించి నిలబెట్టాను. గుడ్డ అంచు గాడిలో దూర్చి, పుల్ల పెట్టి బిగించాను. చేతులకు గుర్తుంది.

శారద పీట వేసుకుని కూర్చుని, అరిగిన చోట రొమ్ము ఆనించింది. పొద్దటి నుంచి తీయలేకపోయిన ఊపిరి — నిండుగా తీసింది. వదిలింది. నేను కూడా వదిలాను.

జూలై 18, శుక్రవారం

రోజంతా జల్లు. శారద వసారాలోనే, దోనెకు ఆని. ఆయాసం తగ్గింది. వెంకటేశ్ మధ్యాహ్నం అన్నానికి వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"కొత్త కిటికీ లోపల పెట్టిచ్చి, పాత చౌకట్టు ముంగట కూసున్నరా? గిట్ల మిమ్మల్నే సూస్తున్న."

"లోపల అద్దం ఉన్నది, నువ్ సూసుకో పో" అంది శారద. నవ్వింది. ఆమె నవ్వి చాలా రోజులైంది. వాడు చెప్పులు విడుస్తూ ముఖం అటు తిప్పుకున్నాడు.

జూలై 20, ఆదివారం

గుడ్డ తడిసింది. ఆరబెడదామని చూసి, అలవాటు కొద్దీ చెయ్యి చాపి కొలిచాను.

బెత్తెడు కట్టాం. బెత్తెడు మీద రెండు వేళ్లు ఉంది.

తడిస్తే నూలు కుదించుకుంటుంది. పెరగదు.

పెరిగిన రెండు వేళ్ల మేర ఎరుపు లేదు. తెలుపు.

జూలై 21, సోమవారం

శారద గల్లీ చివరిదాకా నడిచి కొత్తిమీర తెచ్చింది. డాక్టర్ దగ్గరికి ఇప్పుడే పోనక్కరలేదు అంటోంది. వెంకటేశ్ సరే అన్నాడు. కొత్త మందు మంచిదట.

జూలై 22, మంగళవారం

నాగన్నను ఎల్లుండి అమావాస్య దాటాక రమ్మన్నాను. అల్యూమినియం తీయాలి. పెట్టిన డబ్బు పెట్టినట్టే పోతుంది, పోనీ. వెంకటేశ్‌కు ఇంకా చెప్పలేదు.

ఇన్నాళ్లూ నా లెక్క ఒకటే. అల్యూమినియం ఒక్కసారి అడిగి ఊరుకుంటుంది. కట్టె కొంచెం కొంచెంగా, ఇంట్లో ఉన్నంత కాలం అడుగుతూనే ఉంటుంది, కానీ అడిగింది ఇస్తే నిలబడుతుంది. ఇప్పుడూ ఆ లెక్క తప్పనిపించడం లేదు. ఇది అడిగేది ఏమిటో మాత్రం తెలియడం లేదు.

తెలుపు మూరెడు దాటింది. పల్చగా, సాఫుగా, అంచు తప్పకుండా. నాయిన చెయ్యి అలాగే ఉండేది. నేసేకొద్దీ దోనె లావెక్కుతుంది. నిండాక కోయక తప్పదు. ఇది కోస్తే ఎవరి ఊపిరి తెగుతుంది? కోయకపోతే ఎంతవరకు లాగుతుంది ఆమె నుంచి?

జూలై 24, గురువారం. అమావాస్య

కార్ఖానా బందు. గల్లీ అంతా నిశ్శబ్దం. అమావాస్య నాడు నేయరు, కోయరు. నాయిన ఉన్న రోజుల్లో ఇంట్లో కత్తెర కూడా కనబడనిచ్చేవాడు కాదు. పొద్దునే మా కత్తెర తీసి బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను.

వసారాలో దోనె కిర్రుమంది. ఒకసారి. మళ్లీ.

శారద పీట మీద కూర్చుని ఉంది. ఊపిరి తేలిగ్గా ఆడుతోంది, ఇక్కడికి వినిపిస్తోంది. దోనె చప్పుడు, ఆమె ఊపిరి — రెండూ ఒకే వరుసలో.

"ఇగో" అని పిలిచింది. మామూలు గొంతే, ఉప్పు ఎక్కడుందని అడిగినట్టు. "నిండింది. కత్తెర యాడ పెట్టినవు?"

ఇంకా రాస్తూనే ఉన్నాను, బియ్యం డబ్బా చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.