సమాధి మీద కొండగోగు పూలు

శంషాబాద్,
2026 మార్చి 29, మట్టల ఆదివారం.

బిడ్డ షాదాబ్‌కు,

ఇందిరమ్మ పెద్దమ్మ దీవించి రాసేది. దేవుని దయవల్ల నేనూ షెకీనా ఉన్నంతలో బాగున్నాం. మీ అమ్మ సలేహా మోకాళ్ళ నొప్పులు తగ్గాయని, జల్‌పల్లిలో కిరాయి ఇల్లు మీకు అనుకూలంగానే ఉందని తలుస్తాను. రంజాన్‌కు ఈసారి కూడా మీ ఇంటి నుంచి షీర్‌ఖుర్మా గిన్నె రాలేదు. రాదని తెలిసీ మధ్యాహ్నం దాకా గుమ్మం వైపే చూశాను.

ఫోన్ చేస్తే ఎత్తవు. అందుకే ఈ ఉత్తరం. చిన్నప్పుడు నా దగ్గర ట్యూషన్‌లో మా కరుణ్ పక్కన కూర్చుని ఒత్తులన్నీ మింగేస్తూ చదివేవాడివి. ఇది మాత్రం ఏదీ మింగకుండా చదువు.

కరుణ్ పోయి ఏడాది దాటింది. మట్టి ఇచ్చిన రోజు తర్వాత నువ్వు మా గడప తొక్కలేదు. అంతకు ముందురోజు దవాఖాన వరండాలో నా కాళ్ళ దగ్గర కూలబడి, "టిప్పర్ గుద్దంగనే అక్కడికక్కడే పోయిండు పెద్దమ్మా, నొప్పి గూడ తెల్వలే" అన్నావు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్ళూ బతికాను. బిడ్డకు నొప్పి తెలియలేదు కదా అనుకుంటే ఇంత ముద్ద దిగేది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఫిబ్రవరిలో ఒకరోజు సమాధుల తోటకు పోతే, కరుణ్ తల దగ్గర అడవిపూల కట్ట, గులాబీ రేకులు, కాలిన ఊదుబత్తి పుల్లలు ఉన్నాయి. మేము కొవ్వొత్తులు పెడతాం గానీ ఊదుబత్తులు పెట్టం. సంఘపెద్ద అనంతయ్యను పిలిచి చూపించాను. ఆయన ముఖం మాడిపోయింది. "అక్కా, ఇది మంత్రాల పని. మనమంటే కిట్టనోడు ఎవడో చేపిస్తున్నడు. చేత్తోటి ముట్టకు" అన్నాడు. నేను "యేసు రక్తమే జయం" అని గట్టిగా అరుస్తూ చీపురుతో ఊడ్చి తగలబెట్టాను. ఆయన గేటుకు తాళం వేయించాడు. తర్వాతి వారం పూలు గేటుకే కట్టి ఉన్నాయి. అవీ కాల్చాను. అవి మోదుగ పూలు. మంటేదో పువ్వేదో తెలియలేదు.

మూడోసారి కట్ట విప్పబోతే చేతికి రబ్బరు తగిలింది. పాత సైకిల్ ట్యూబు కోసి చేసిన పట్టీ. కరుణ్ టిఫిన్ డబ్బాకు కట్టుకునేది అదే. ఆ అలవాటు మీ ఇద్దరికి తప్ప ఇంకెవరికుంది? లెక్క చూసుకుంటే మొదటిసారి పూలు కనబడింది మీ షబ్-ఎ-బరాత్ మరునాడు. మీరు మీవాళ్ళ సమాధుల మీద పూలు చల్లే పండుగ. నువ్వు నా కొడుకును మీవాళ్ళలో లెక్కేసుకున్నావు, నేను నిన్ను మంత్రగాణ్ణి చేశాను. చీపురు అక్కడే పడేసి చాలాసేపు ఏడ్చాను.

నిన్న షెకీనా సైకిల్ అడిగి తీసుకున్నాను. నవ్వకు. కొత్తూరులో హైస్కూలుకు సైకిల్ మీదే పోయినదాన్ని. కుచ్చిళ్ళు ఎగదోపి, విమానాశ్రయం గోడ వెనక మీరిద్దరూ సైకిళ్ళ మీద తిరిగే మట్టిదారి పట్టాను. షెకీనా స్కూటీ మీద వెనకాలే వస్తూ, "పడ్తవే అమ్మా, జర మెల్లగ!" అని మొత్తుకుంటూనే ఉంది. డ్యూటీ దిగి ఇంటికి రాకుండా పూలు చూడడానికి పోతారేంటి పనిలేక అని మిమ్మల్ని తిట్టేదాన్ని కదా. ఇప్పుడు తెలిసింది. దారి పొడవునా హద్దురాళ్ళు పాతేశారు, చెరువు ఎండిపోయింది, టిప్పర్ల దుమ్ముకు కళ్ళు తెరవలేం. అయినా రాళ్ళ సందున మోదుగ విరగబూసింది. మలుపు దగ్గర రాతిగుండు మీద, ఒక్క ఆకు లేని కొమ్మలకు దోసెడంత కొండగోగు పూలు, పసుపు ముద్దల్లా. ఏటా ఈస్టర్ పండుగకు వాళ్ళ నాన్న దావీదు సమాధికని కరుణ్ తెచ్చేవి అవే. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషం కలిగింది. నా కొడుకు పడిపోయిన చోట నిలబడి పూలు చూసి సంతోషపడ్డాను. అంతలోనే నన్ను నేను తిట్టుకున్నాను.

అక్కడ బాలమల్లు అని మేకలు కాసే ఆయన కనబడి మంచినీళ్ళిచ్చాడు. కాసేపు మాట్లాడుకున్నాం.

వచ్చే ఆదివారం ఈస్టర్. తెల్లవారకముందే సమాధుల తోటకు పోతాం. కరుణ్‌ను వాళ్ళ నాన్న పక్కనే పెట్టాం కదా, రెండిటికీ సున్నం వేయించాను. పూలు నేను కొనను. నువ్వే తేవాలి. తాళంచెవి నా కొంగుకే ఉంది. అనంతయ్యకు కూడా చెప్పేశాను, మంత్రగాడు దొరికిండు, వాడు నా బిడ్డనే అని.

తప్పకుండా రా. మీ అమ్మను కూడా తీసుకురా.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
ఇందిరమ్మ పెద్దమ్మ

తా.క. ఇది రాయకుండా మడిచేద్దామనుకున్నాను, చేయి ఊరుకోలేదు. ఆ రోజు బాలమల్లు అక్కడే ఉన్నాడట. రోడ్డు మీదికి ఉరికి బండ్లను ఆపబోయింది ఆయనేనట. ఒక్కటీ ఆగలేదట. కరుణ్ అక్కడికక్కడే పోలేదు బిడ్డా. చాలాసేపు నీ ఒళ్ళో తల పెట్టుకుని ఏదో చెబుతూనే ఉన్నాడట. ఆ మాటలు ఆయనకు వినబడలేదు. నువ్వు మాత్రం "చెప్తరా, అమ్మకు నేనే చెప్తా" అని ఏడ్చావట. నొప్పి తెలియలేదని నాకు ఒకసారి చెప్పాక ఇక ఆ మాట ఎలా చెబుతావు? అందుకే మొహం చాటేశావు. నా కోసమే అబద్ధమాడావని తెలుసు, కోపం లేదు. కానీ అది నా కొడుకు నాకు పంపిన మాట. ఏం చెప్పమన్నాడో వచ్చి చెప్పు.