వాన పడిందా అక్కా

నా చెల్లి చిట్టికి,

ముందు "బంగారు చెల్లి" అని రాసి కొట్టేశాను, చూశావుగా. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

నువ్వు రాసే ప్రతి ఉత్తరంలోనూ ఒక మాట తప్పకుండా ఉంటుంది. "వాన పడిందా అక్కా?" పిల్లల సంగతి అడగడం మరిచినా వాన సంగతి మరవవు. మొదట్లో ముచ్చటపడ్డాను. తర్వాత అనుమానం పట్టుకుంది. మేం మొక్కజొన్న పండించేవాళ్ళం, మీరు దాన్ని కోళ్ళకు దాణాగా కొనేవాళ్ళు. పంట బాగుంటే ధర తగ్గుతుంది, పోతే పెరుగుతుంది. పోయిందని ముందే తెలిస్తే పాత ధరకే గోదాము నింపుకోవచ్చు. అంటే నా క్షేమసమాచారం మీ ఆయనకు మార్కెట్ సమాచారమన్నమాట.

"తోడబుట్టినదాన్ని అనుమానిస్తావా, నీకేమన్నా పిచ్చా?" అన్నారు మీ బావ. పిచ్చో కాదో తేల్చుకుందామని క్రితం ఉత్తరంలో నీకొక అబద్ధం రాశాను. మా వైపు చేలన్నిటికీ పురుగు పట్టింది, గింజ దక్కేలా లేదు అని. పురుగూ లేదు, పుట్రా లేదు. కండెలు ఒలిచి గింజలు కొట్టంలో పోశాం. ఆ మాట మరో మనిషితో అనలేదు. ఎప్పటిలాగే మీ ఊరొచ్చే షావుకారు లారీ డ్రైవరు చేతికి కవరిచ్చాను. వారం తిరక్కుండా ధర ఎగబాకింది. కాటా వేసేవాడు మీ బావని అడిగాడట, "మీ వైపంతా పురుగంట గదా?" అని. నీకు తప్ప ఆ మాట ఎవరికి తెలుసు?

నా అనుమానం నిజమైనందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను. మీ ఆయన ఈపాటికి గోదాము నింపేసుంటాడు. నేనూ తక్కువ తినలేదులే. ధర ఇంకా పెరుగుతుందని ఒక్క బస్తా కూడా అమ్మకుండా కూర్చున్నాను. మా ఏడాది బతుకంతా ఆ కొట్టంలోనే ఉంది.

ఇక నన్ను వాన సంగతి అడగకు.

మీ అక్క (ఇంకా అక్కనే)


మా బంగారు అక్కకు,

నేను కొట్టెయ్యలేదు.

పురుగు పట్టిందని నువ్వు రాసిన రోజు నాకు అన్నం సహించలేదు. "మీ అక్క ఏం రాసింది?" అని మా ఆయన అడిగారు. "అందరూ కులాసా" అన్నాను. నిజం చెబితే ఆ పూటే ఏడాది దాణా కొనేసేవారు. నీ చేను పోయిందని తెలిసి మేం లాభపడటమా అని నోరు కట్టేసుకున్నాను. ధర పెరిగాక దాణా కొనలేక, గుడ్లు పెట్టే కోళ్ళలో సగం కోతకు అమ్మేశాం. ఖాళీ షెడ్డులో ఆయన ఊరికే నిలబడి ఉంటే చూడలేకపోయాను.

మరి ఎవరు చెప్పారంటావా? నీ కవర్లు ఎప్పుడూ విప్పే వస్తాయక్కా. నీకు బంక పెట్టే ఓపిక లేదనుకునేదాన్ని. ఇదీ అలాగే వచ్చింది. అప్పుడు తట్టింది నాకు. మీ దగ్గర కొని మాకు అమ్మేది ఆ షావుకారే కదా. నీ అబద్ధం చదివి, ధర పెరిగేదాకా అమ్మకుండా గోదాముకు తాళం వేశాడు. ఇప్పుడు నీ నిజమూ చదివాడు. నీ ఉత్తరం తెచ్చిన లారీ వెనకే ఆయన బస్తాలన్నీ ఇక్కడ దిగాయి. ధర పడిపోయింది. మీ దగ్గరా నేడో రేపో పడుతుంది. ఇది అందగానే ఎంతకు పోతే అంతకు అమ్మెయ్యి. లారీలో కాదు, పోస్టులో పంపుతున్నాను, కవరు అంచులు దారంతో కుట్టి.

వాన సంగతంటావా? చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని మెట్ల మీంచి పడ్డావు. నాకు దెబ్బ తగలకుండా నీ మోకాలు విరగ్గొట్టుకున్నావు. వాన పడితే ఆ మోకాలు నిన్ను నిద్రపోనివ్వదు. మోకాలు ఎలా ఉందని అడిగితే బాగానే ఉందంటావు. అందుకని వాన గురించి అడిగేదాన్ని.

ఇందాక నా చేతిలో నీ ఉత్తరం చూసి ఆయన మళ్ళీ అడిగారు, మీ అక్క ఏం రాసిందని.

"అందరూ కులాసా" అన్నాను.

నీ చిట్టి