మిగ్ విమానానికి పడవ రంగు

శుక్రవారం రాత్రి, డిగ్నాబాద్

రేపే కాలేజీలో బుల్లి విమానాల మోడళ్ల పోటీ. రెండు వారాలు కూర్చుని నా బుల్లి మిగ్ యుద్ధవిమానానికి పాత ఫొటోలో ఉన్నట్టే తుప్పు చారలు, పొగ మరకలు వేశాను. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే నిగనిగలాడే నీలం!

"తుప్పట్టిపోనాది గదరా బేటా! మన పడవకేసిన పెయింటు మిగిల్తే ఒక కోటు కొట్టేసినాను," అన్నారు నాన్న గర్వంగా.

"ఆ తుప్పు నేనే వేశాను నాన్నా!"

"పాగల్! కొత్తదానికి తుప్పెవుడేస్తాడ్రా?"

సమస్త వైమానిక లోకం తరఫున తీవ్ర సంతాపం ప్రకటించబోయాను. కానీ రంగు ఎక్కడా కారలేదు. రెక్కల మీది గుండ్రటి గుర్తుల చుట్టూ కుంచె వెంట్రుకవాసి తప్పలేదు. నా చేతికి అంత నిలకడ ఎప్పుడొస్తుందో!

గీకేద్దామని బ్లేడు తీశాను, మళ్లీ పెట్టేశాను. జడ్జిగారు మార్కులు కోస్తారేమో... కోయనీ. పోటీ చీటీ మీద నా పేరు కింద 'రంగు: మా నాన్న' అని రాసేశాను.