రాద్కా, మలుపులు, ఒక అడ్డకడ్డీ

చిరంజీవి స్తామెన్‌కి,

మీ తాత వెల్కోతో కలిసి గొర్రెలు కాసిన దెల్చో తాత దీవించి రాసేది. ముందు ఒక గోడు. మా ఊరి దుకాణంలో రొట్టె ముక్కలు మరీ పల్చగా కోస్తున్నారు. నిన్న ఒక ముక్క ఎత్తి పట్టుకుంటే అందులోంచి పొరుగింటి కోడి కనపడింది. వాడి కత్తికి తుప్పు పట్ట.

ఫోనే చేసేవాణ్ణి. కాని ఫోన్లో నాకు సగమే వినపడుతుంది, మిగతా సగం నేనే కల్పించుకుంటాను. అందుకే ఈ కాగితం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

అసలు సంగతి మా ఆవిడ, మీ రాద్కా అవ్వ. ఆమె కిడ్నీలు పనిచెయ్యడం మానేశాయని నీకు తెలుసుగా. రోజు విడిచి రోజు పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తం కడిగించుకొస్తున్నాను. మానేస్తే రెండు వారాలు కూడా కష్టమని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. మొన్న తిరిగొస్తుంటే రాద్కా అంటుందీ, అడవి మలుపుల్లో కారు పక్కకి ఒరిగిపోతోందట, వెనక సీట్లో తను ఖాళీ పీపాలా దొర్లుతోందట, ఇంక రాదట.

నన్ను తిట్టినా సరే, కొట్టినా సరే, ఆమె రావాలి. కొత్త కారు కొనే స్తోమత లేదు. ఉన్నదాన్నే నీ మెకానిక్ షెడ్డులో చవకలో ఒరగకుండా చేసిపెట్టు.

ఇట్లు,
దెల్చో తాత

తా.క.: మీ తాత వెల్కో కూడా మలుపుల్లో బాగా ఒరిగేవాడు. ఆయనకి కారు లేదు.


పూజ్యులైన దెల్చో తాతకి,

స్తామెన్ నమస్కారాలు. ఒరగడం సంగతి నాకొదిలెయ్యండి. పందేల కారు నడిపే నా స్నేహితుడొకడు పొట్టి స్ప్రింగులు తీసి మూల పడేశాడు. ఊరికే ఇస్తానన్నాడు. అవి వేస్తే మీ కారు నాలుగు వేళ్లు కిందికి దిగుతుంది, ఎంత మలుపైనా నిటారుగా తిరుగుతుంది. ఆదివారం తీసుకురండి.

మీ విధేయుడు,
స్తామెన్

తా.క.: మొదటిసారి తిప్పేటప్పుడు టోపీ పట్టుకోండి.


ఒరే స్తామెన్,

నీకు దీవెన ఇవ్వాలో వద్దో ఉత్తరం చివర్లో తేలుస్తాను.

కారు ఒరగడం పోయింది నిజమే. దాంతోపాటు రాద్కా కట్టుడుపళ్లు కూడా పోయాయి. సీటు కింద దొరికాయనుకో. రోడ్డు మీద రాయి ఉంటే అది చక్రం కింద నుంచి పోవట్లేదురా, ఆమె వెన్నెముకలోంచి పోతోంది. ఇల్లు చేరాక అంది: "శవపేటిక చేస్తే చేశాడు, లోపల కాస్త దూదైనా పెట్టమను ఆ పిల్లాణ్ణి." నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. ఎల్లుండి మళ్లీ వెళ్లాలి, వస్తాననీ అనదు, రాననీ అనదు.

నేలకి రాసుకుంటూ పోయే నా కారు చూసి మా చర్చి ఫాదరు, ఈ వయసులో పందేల్లో దిగావా అని అడిగాడు. దిగాను, పక్క సీటుకి మీ పేరు రాయించాను అన్నాను. నన్ను చూస్తే ఇప్పుడు వీధి మారుతున్నాడు.

ఏదో ఒకటి చెయ్యి, త్వరగా.

దీవెన సగమే ఇస్తూ,
దెల్చో తాత

తా.క.: నీ స్నేహితుడు ఆ స్ప్రింగులు ఎందుకు తీసి పారేశాడో అడిగావా?


పూజ్యులైన తాతకి,

సిగ్గుతో రాస్తున్నాను. మీరు ఒరగడం అన్నారు, నేను ఒరగడమే చూశాను. కారు సంగతే చూశాను గాని, అందులో కూర్చునేది ఎవరని ఆలోచించలేదు.

రేపు పొద్దున బస్సుకి నేనే వస్తాను. మీరు నడపండి, నేను అవ్వ కూర్చునే చోట కూర్చుంటాను. తర్వాత మీ పాత స్ప్రింగులే మళ్లీ వేస్తాను. చచ్చిపోయిన షాక్ అబ్జార్బర్లు మారుస్తాను, అరిగిన రబ్బరు బుష్షులన్నీ తీసి కొత్తవి వేస్తాను. రెండు పక్కల చక్రాలనీ కలిపి పట్టుకునే అడ్డకడ్డీ ఒకటుంటుంది, మలుపులో కారుని ఒరగనివ్వనిది అదే. మీ కారుది సన్నం. పాత ఇనుము కొట్టులో ఒక బరువు కారుది లావుపాటి కడ్డీ చూసిపెట్టాను. ఇంతకన్నా చవకైన మందు లేదు.

మీ విధేయుడు,
స్తామెన్

తా.క.: రేపు మెల్లగా నడపండి. వెనక సీట్లో నాకు కడుపులో తిప్పుతుంది.


చిరంజీవి స్తామెన్‌కి,

దెల్చో తాత పూర్తి దీవెనలు. నీకు కడుపులో తిప్పడం కళ్లారా చూశాను. మూడో మలుపు కావాలనే గట్టిగా తిప్పానులే, చదువు వంటబట్టాలని.

కారు ఇప్పుడు వెన్న మీద కత్తిలా పోతోంది. మలుపులో ఒరగదు, గుంటలో ఎగరదు. నిన్న రాద్కాని తీసుకెళ్లి తీసుకొచ్చాను. దారి పొడుగునా ఒక్క మాట అనలేదు. బాగుంటే బాగుందని చెప్పే మనిషి కాదులే.

ఇట్లు,
దెల్చో తాత

తా.క.: జున్ను పంపుతున్నాను. ఒక పక్క కొరికినట్టుంటే అది డ్రైవరు పని. రెండో పక్కది నాది.


తాతా,

నిన్న మీ అమ్మాయి నెవెన సముద్రపు ఊరి నుంచి ఫోన్ చేసింది. నేను వేసిన కడ్డీ దార్లో ఊడి పడిపోయిందట, ఆ భయానికి అవ్వ ఆసుపత్రి మానేసిందట. మా అమ్మ ప్రాణం నీ బోల్టులో పెట్టావు కదరా అంది. బస్సెక్కుతున్నానని చెప్పి పెట్టేసింది.

ఆ బోల్టులు నేనే బిగించాను తాతా, రెండోసారి కూడా చూసుకున్నాను. నాకు అన్నం సయించట్లేదు. షెడ్డుకి తాళం వేశాను. నా తప్పైతే తప్పని రాయండి. ఇంకో బండి మాట్లాడి అవ్వని నేనే తీసుకెళ్తాను, ఒప్పించండి.

స్తామెన్


నాయనా స్తామెన్,

రాద్కా మొన్న పోయింది. పొద్దున్నే, నెవెన ఒళ్లో తల పెట్టుకుని. చావు కబురు రాసిన నల్ల అంచు కాగితం గేటుకి అంటించాం. అందులో ఫోటో చూస్తే నా మీద చిరాకు పడుతున్నట్టే ఉంది. మంచి ఫోటో.

ముందే జవాబు రాయలేదు, రాద్కా రాయనివ్వలేదు. నెవెన బస్సు దిగిన దగ్గర్నుంచీ నిన్ను తిట్టింది. నీ చేతుల్ని, నీ షెడ్డుని, నీకు పని నేర్పినవాణ్ణి. ఆసుపత్రి బండి పిలిపిస్తానంది. ఆ స్తామెన్ గాడి దెబ్బతో ఇంక ఏ బండీ నమ్మనని రాద్కా అడ్డం తిరిగింది. ఆ తర్వాత తనూ నిన్ను తిట్టడం మొదలెట్టింది. తల్లీకూతుళ్లు మంచం మీద ఆనుకుని కూర్చుని నిన్ను ఒకళ్లని మించి ఒకళ్లు తిట్టుకుంటూ, మధ్యలో నవ్వుకుంటూ ఉండేవాళ్లు. వాళ్లిద్దరూ అంతసేపు కలిసి కూర్చోవడం నెవెన పెళ్లయ్యాక నేను చూళ్లేదు. నీకు ఎక్కిళ్లు రాలేదా?

నీ కడ్డీ వేశాక ఆసుపత్రికి వెళ్లొచ్చామని, దార్లో ఆమె ఒక్క మాట అనలేదని రాశాను కదా, ఆ రెండోది అబద్ధం. ఆవేళ తిరిగొస్తూ రాద్కా ఊట దగ్గర ఆపమంది. దిగి, డాక్టరమ్మ తాగొద్దన్న నీళ్లు కడుపునిండా తాగింది. మూతి తుడుచుకుని అంది:

"దెల్చో, కారు బాగుంది. ఇంక నెపం మలుపుల మీదకి నెట్టలేను. నాకు ఆ సూదులు చాలయ్యా. ఇంక వెళ్లను. కానీ నెవెన వచ్చి ఏడిచిందంటే దాన్ని కాదనలేను, మళ్లీ పోయి కూర్చుంటాను."

నేను బతిమాలాను. ఏమని బతిమాలానో నీకు రాయను. వినలేదు, నెవెనకి చెప్పడానికి ఒక సాకు కావలసొచ్చింది.

నీ మీద పడ్డ తిట్లన్నిటికీ క్షమించమని అడుగుతూ,
దెల్చో తాత

తా.క.: ఆమె పోయిన నలభయ్యో రోజున పెట్టే గోధుమల ప్రసాదానికి తప్పకుండా రా. నెవెన అప్పుడూ తిడుతుంది. తల దించుకుని తిను, ఎదురు చెప్పకు. తల్లి మీద రావలసిన కోపమది, పాపం ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా. నువ్వు మాత్రం షెడ్డు తాళం తియ్యి. నీ పనిలో లోపం లేదు. కడ్డీ మా మంచం కింద దుప్పట్లో ఉంది. అది ఊడిపోలేదురా, తెల్లారకుండా కారు కింద దూరి నేనే ఊడదీశాను.